గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది డల్లాస్‌లో. ఏటా స్టేట్ ఫెయిర్ జాతర రోజుల్లో కాటన్ బౌల్ స్టేడియంలో గ్రాంబ్లింగ్, ప్రెయిరీ వ్యూ అనే రెండు కాలేజీలకి ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంది, వీలైనంతవరకు మానకుండా వెళ్తాను. ఆ ఫోటోలు చూసిన మనవాళ్లు "పక్కనే కౌబాయ్స్ లాంటి ప్రొఫెషనల్ జట్టు ఉండగా ఈ లూసియానా కాలేజీ మీద ఇంత ప్రేమేంటి" అని మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంటారు. ఏది అడిగినా జవాబు చివరికి ఒక్క మనిషి దగ్గరికే వెళ్తుంది. విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఎవరీ ఎడ్డీ రాబిన్సన్? రెండు ముక్కల్లో చెప్పండి.

ఉత్తర లూసియానాలో గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి కాలేజీకి 1941 నుంచి 1997 దాకా ఫుట్‌బాల్ హెడ్ కోచ్ ఆయన. 408 గెలుపులు, 165 ఓటములు, 15 టైలు. చేరినప్పుడు దేశాధ్యక్షుడు రూజ్‌వెల్ట్, దిగేనాటికి క్లింటన్, వరసగా లెక్కపెడితే పదకొండుమంది అధ్యక్షులు. ఆయన దగ్గర ఆడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కి వెళ్లినవాళ్లు 200 మందికి పైనే. ఇవి అందరూ చెప్పే లెక్కలు, ఎక్కడైనా దొరుకుతాయి. నల్లజాతి కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడు అని అమెరికా అంతా నమ్మిన రోజుల్లో ఆ నమ్మకాన్ని పట్టుబట్టి, ఏళ్ల తరబడి ఓపికగా పనిచేసి పడగొట్టిన మనిషి ఆయన. నాకు ఆ 408 కంటే ఇదే పెద్దది. కింద దాని గురించి కాస్త ఎక్కువే రాశాను.

ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు కదా?

కాదు. మనం కాలితో ఆడేదాన్ని అక్కడ సాకర్ అంటారు. ఇందులో కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు, విసురుతారు, అవతలివాళ్లు మీద పడి ఆపుతారు. పక్షానికి 11 మంది, 100 గజాల మైదానం, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి ముందుగా చేతికి వచ్చేది క్వార్టర్‌బ్యాక్‌కి. రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలి, ఎవరికి అందించాలి, తానే పరిగెత్తాలా అన్నది అతనే తేల్చాలి. క్రికెట్‌లో కెప్టెన్, మెయిన్ బ్యాట్స్‌మన్ ఒకడే అయితే జట్టు అతని మీద ఎంత ఆధారపడుతుందో అలాగన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆయన ఎక్కడివారు? కోచ్ అవ్వాలని ఎందుకనిపించింది?

1919 ఫిబ్రవరి 13న లూసియానాలోని జాక్సన్‌లో పుట్టారు. తండ్రిది సొంత భూమి కాదు, వేరేవాళ్ల చేలో పత్తి పండించి వాటా తీసుకునే సేద్యం. తల్లి ఇళ్లలో పనిచేసేది. పెరిగింది బాటన్ రూజ్‌లో. మూడో తరగతిలో ఉండగా ఆ ఊరి నల్లజాతి హైస్కూల్ కోచ్ తన ఆటగాళ్లను యూనిఫాంలతో సహా వీళ్ల బడికి తీసుకొచ్చాడట. మిగతా పిల్లలు ఆటగాళ్లను చూస్తుంటే ఈ పిల్లాడు మాత్రం కోచ్‌నే చూస్తూ కూర్చున్నాడు, అంతమంది బలమైన కుర్రాళ్లు ఆయన మాటకి ఎలా కట్టుబడి ఉన్నారో అన్నది ఆ వయసులోనే మనసులో పడిపోయింది. అప్పటి నుంచి వేరే ఆలోచన లేదు.

లీలండ్ అనే చిన్న కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడారు. డిగ్రీ చేతికొచ్చాక దొరికిన పని బాటన్ రూజ్‌లో పశువుల దాణా మిల్లులో, గంటకి 25 సెంట్లు. అదే ఊళ్లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఉంది, పెద్ద స్టేడియం ఉంది, కానీ నల్లజాతివాళ్లకి అక్కడ చదువూ లేదు, ఆటా లేదు, కోచ్ ఉద్యోగమూ లేదు.

22 ఏళ్లకే హెడ్ కోచ్ ఎలా అయ్యారు?

గ్రాంబ్లింగ్ ప్రెసిడెంట్ రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ జోన్స్ ఆయన్ని పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఆ జోన్స్ గారే కాలేజీ బేస్‌బాల్ కోచ్ కూడా, అంటే అక్కడ ఒక మనిషి ఎన్ని పనులు చేయాల్సి వచ్చేదో ఊహించుకోండి. అప్పటికి కాలేజీ పేరు కూడా గ్రాంబ్లింగ్ కాదు, నీగ్రో నార్మల్ అండ్ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ అని పొడుగాటి పేరు, 1946లో గ్రాంబ్లింగ్ కాలేజీ అయింది, 1974లో యూనివర్సిటీ. జీతం నెలకి 63.75 డాలర్లు. ఆ 1941లోనే డోరిస్ గారితో పెళ్లి. ఒకే ఉద్యోగం, ఒకే భార్య, నా అసలు రికార్డు ఇదే అని తర్వాత్తర్వాత ఆయన చెప్పుకునేవారు.

హెడ్ కోచ్ అంటే కింద పదిమంది అసిస్టెంట్లు ఉంటారు కదా?

ఇప్పుడు ఉంటారు. అప్పట్లో ఈయనకి ఎవరూ లేరు. మ్యాచ్ రోజు పొద్దున మైదానంలో గడ్డి కోసేది ఆయనే, తెల్ల గీతలు గీసేదీ ఆయనే. మోకాలు బెణికినవాడికి, భుజం జారినవాడికి కట్టు కట్టేదీ ఆయనే. మ్యాచ్ అయ్యాక తీరిగ్గా కూర్చోవడానికి లేదు, ఎందుకంటే పేపర్లవాళ్లు నల్లజాతి కాలేజీ ఆటకి విలేకరిని పంపరు, కాబట్టి మ్యాచ్ రిపోర్టు కూడా ఆయనే రాసి పంపేవారు. బాస్కెట్‌బాల్ జట్టు బాధ్యత కూడా నెత్తి మీదే.

వేరే ఊరికి ఆడటానికి వెళ్లాలంటే అసలు సమస్య తిండి. దారిలో హోటళ్లలో నల్లజాతివాళ్లని లోపలికి రానివ్వరు. అందుకని బయల్దేరే ముందు రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టి జట్టు మొత్తానికీ శాండ్‌విచ్‌లు కట్టేవారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, ఎముకలు విరిగేలా ఆడి బస్సెక్కి, చల్లారిపోయిన ఆ శాండ్‌విచ్‌లు తింటూ రాత్రంతా ప్రయాణం చేసి తిరిగి వచ్చేవాళ్లు. నాకు ఆ 408లో మొదటి వంద గెలుపుల గురించి ఎవరు మాట్లాడినా ముందు ఆ బస్సే కళ్ల ముందు కనబడుతుంది.

1942 జట్టు గురించి అంత గొప్పగా చెబుతారు, ఎందుకు?

మొదటి ఏడాది, 1941లో మూడు గెలిచి ఐదు ఓడారు. రెండో ఏడాది తొమ్మిది ఆడి తొమ్మిదీ గెలిచారు, పైగా సీజన్ మొత్తంలో అవతలి జట్లకి ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. 23 ఏళ్ల కోచ్‌కి ఇలాంటిది జరగడం, అసిస్టెంట్లు లేకుండా జరగడం, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

యుద్ధం వల్ల ఆట ఆగిపోయింది కదా, అప్పుడు ఏం చేశారు?

1943, 1944లో కాలేజీలో జట్టే లేదు, కుర్రాళ్లంతా సైన్యంలోకి వెళ్లిపోయారు. ఆ రెండేళ్లు ఆయన ఊళ్లోని హైస్కూల్ పిల్లలకి కోచింగ్ ఇచ్చారు. ఒక ఇంటి అన్నదమ్ములు ఆటకి రావడం మానేశారు, కనుక్కుంటే చేలో పత్తి తీయాలి, పని అయ్యేదాకా పంపనని తండ్రి అన్నాడట. పత్తి తీతల కాలంలో బడిలో పిల్లలు ఎందుకు కనబడరో పాలమూరులోనో కర్నూలులోనో గుంటూరులోనో పెరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రాబిన్సన్ ఆ తండ్రితో వాదన పెట్టుకోలేదు. జట్టు మొత్తాన్ని వెంటబెట్టుకుని చేలోకి దిగి, అందరూ కలిసి పత్తి తీసేసి, పిల్లల్ని తీసుకొచ్చుకున్నారు. ఆ జట్టు తర్వాత ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆయన తండ్రిదీ పత్తి సేద్యమే కదా, ఆ రైతు బాధ ఆయనకి వేరే ఎవరో చెప్పాల్సిన పని లేదు.

అంత చిన్న ఊళ్లోని కాలేజీకి అంతమంది మంచి ఆటగాళ్లు ఎలా వచ్చారు?

దీనికి నిజం చెప్పాలంటే కొంచెం చేదుగా ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల్లో పెద్ద యూనివర్సిటీలు 1960ల చివరిదాకా, కొన్ని 1970ల మొదటిదాకా నల్లజాతి ఆటగాళ్లని జట్టులోకి తీసుకోలేదు. లూసియానా, టెక్సస్, మిసిసిపీ పల్లెల్లో పుట్టిన ప్రతిభ అంతా గ్రాంబ్లింగ్, సదరన్, జాక్సన్ స్టేట్, ప్రెయిరీ వ్యూ లాంటి కాలేజీలకే వెళ్లాలి. తలుపులు మూసినందువల్ల ఈయనకి ఆటగాళ్లు దొరికారు, అదే మూసిన తలుపుల వల్ల ఈయనకి పెద్ద జట్లతో ఆడే అవకాశం, డబ్బు, పేరు దొరకలేదు. రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

కానీ అదే తలుపుల బయట చాలా కాలేజీలున్నాయి, అన్నీ గ్రాంబ్లింగ్ కాలేదు. 1960 నుంచి 1986 దాకా వరసగా 27 సీజన్లలో ఓడినవాటికంటే గెలిచినవి ఎక్కువ. అవకాశం అందరికీ సమానంగా వచ్చింది, దాన్ని అన్నేళ్లు నిలబెట్టుకున్నది ఈయన.

ఆయన దగ్గర్నుంచి ప్రొఫెషనల్ లీగ్‌కి మొదట వెళ్లింది ఎవరు?

పాల్ యంగర్, అందరూ ట్యాంక్ అని పిలిచేవారు. 1949లో లాస్ ఏంజిలిస్ ర్యామ్స్ తీసుకుంది. నల్లజాతి కాలేజీ నుంచి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి ఆటగాడు. పంపే ముందు రాబిన్సన్ అతనికి చెప్పింది ఒకటే: నువ్వు నిలబడకపోతే, నల్లజాతి కాలేజీల్లో అందరికంటే మంచివాణ్ణి తెచ్చి చూశాం, పనికిరాలేదు అంటారు, మళ్లీ ఇంకొకడికి ఛాన్స్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక కుర్రాడి భుజాల మీద అంత బరువు పెట్టడం న్యాయమా అంటే కాదు, కానీ ఆ రోజుల్లో అది ఉన్నమాట. యంగర్ పదేళ్లు ఆడాడు, నాలుగుసార్లు లీగ్ ఆల్ స్టార్ ఆటకి ఎంపికయ్యాడు.

ఆ తర్వాత వరస కట్టారు. గ్రీన్ బేలో విల్లీ డేవిస్, ఓక్లండ్‌లో విల్లీ బ్రౌన్, కాన్సస్ సిటీలో బక్ బుకానన్, శాన్ డియేగోలో చార్లీ జాయ్‌నర్, ఈ నలుగురూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. బుకానన్ అయితే 1963లో, అప్పట్లో నేషనల్ లీగ్‌కి పోటీగా ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు) మొట్టమొదటి ఎంపిక. డల్లాస్‌వాళ్ల కోసం ఇంకో పేరు: ఎవర్సన్ వాల్స్. మన పిల్లలు బోలెడంతమంది చదివే రిచర్డ్‌సన్‌లోని బర్క్‌నర్ హైస్కూల్ నుంచే గ్రాంబ్లింగ్ వెళ్లాడు. 1981లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, కౌబాయ్స్‌లో చేరి మొదటి సీజన్‌లోనే అవతలివాళ్లు విసిరిన బంతుల్ని 11 సార్లు పట్టి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు.

క్వార్టర్‌బ్యాక్ సంగతి అన్నారు, అదేంటి?

1960ల మాట. పరిగెత్తేవాళ్లు, బంతి పట్టేవాళ్లు, అవతలివాణ్ణి పడగొట్టేవాళ్లు, వీళ్లలో నల్లజాతివాళ్లు లీగ్‌లో చాలామందే ఉన్నారు. క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెల్లవాడే కావాలి. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఎంత బాగా ఆడినా, ప్రొఫెషనల్ జట్టులోకి రాగానే నువ్వు బాగా పరిగెడతావు కదా, బంతి పట్టే చోటికి మారు అనేవాళ్లు. కారణం ఎవరూ గట్టిగా చెప్పరు, అందరికీ తెలుసు: ఆలోచించి నిర్ణయాలు తీసుకునే స్థానం నల్లవాడికి ఇవ్వడం ఇష్టం లేదు, పదిమంది తెల్లవాళ్లు అతని మాట వినాలంటే అసలే ఇష్టం లేదు.

ఇన్నిమందిని పంపావు, ఒక్క క్వార్టర్‌బ్యాక్‌ని కూడా ఎందుకు పంపలేదు అని టీవీ వ్యాఖ్యాత హోవార్డ్ కోసెల్ ఒకసారి ఆయన్నే అడిగాడు. ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. మన్రో అనే పక్క ఊరి నుంచి జేమ్స్ హ్యారిస్ అనే పొడుగాటి కుర్రాణ్ణి తెచ్చారు, ప్రొఫెషనల్ లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని చేయడమే లక్ష్యంగా. గ్రాంబ్లింగ్ అంతవరకు ఎక్కువగా పరిగెత్తే ఆట ఆడే జట్టు. హ్యారిస్‌కి మాత్రం ప్రొఫెషనల్స్ లాగా వెనక్కి జరిగి నిలబడి, మైదానం మొత్తం చదివి, బంతి విసరడం నేర్పించారు. పరిగెత్తి బయటపడటం అలవాటైతే రేపు అదే వంక పెట్టి స్థానం మార్చేస్తారని ఆయనకి తెలుసు. అవకాశం వచ్చినప్పుడు సిద్ధంగా ఉండాలి, తిరిగొచ్చి నల్లవాణ్ణి కాబట్టి తీసుకోలేదని నాకు చెప్పకూడదు, అని కూడా గట్టిగానే అన్నారట. వినడానికి కఠినంగా ఉంటుంది. అన్యాయం లేదని ఆయన అనుకోలేదు, ఆ కుర్రాడి చేతిలో ఉన్న పనిలో మాత్రం లోటు ఉండకూడదనుకున్నారు.

క్వార్టర్‌బ్యాక్‌గా తప్ప ఆడనన్నందుకు హ్యారిస్ 1969 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో రౌండ్ దాకా జారిపోయాడు. బఫలో బిల్స్ తీసుకుంది, ఆ ఏడాది మొదటి మ్యాచ్‌లోనే క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. 1974లో ర్యామ్స్‌ని ప్లేఆఫ్‌లో గెలిపించాడు, ఒక నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఆట ఆరంభం నుంచి దిగి గెలిచిన మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ అదే.

తర్వాత డగ్ విలియమ్స్. బాటన్ రూజ్ దగ్గర జాకరీ అనే ఊరివాడు. 1977లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద అవార్డు అయిన హైజ్‌మన్ ఓటింగ్‌లో నాలుగో స్థానం, అదీ గ్రాంబ్లింగ్ లాంటి కాలేజీ నుంచి. 1978 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే 17వ ఎంపికగా టాంపా బే తీసుకుంది.

ఇక 1988 జనవరి 31, శాన్ డియేగో, సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. వాషింగ్టన్ తరఫున విలియమ్స్. సూపర్ బౌల్‌లో ఆట ఆరంభం నుంచి దిగిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్. మొదటి క్వార్టర్ (ఆటలో మొదటి పావు భాగం) అయ్యేసరికి డెన్వర్ 10, వాషింగ్టన్ సున్నా, పైగా విలియమ్స్ మోకాలు మెలితిరిగి కిందపడి కాసేపు బయట కూర్చోవాల్సి వచ్చింది. టెన్షన్ మామూలుగా లేదు. రెండో క్వార్టర్‌లో తిరిగొచ్చి ఆ ఒక్క క్వార్టర్‌లోనే నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని అవతలి చివరి గీత దాటించినవి) వేశాడు, జట్టు 35 పాయింట్లు చేసింది. చివరికి 42-10. విలియమ్స్ 340 గజాలు విసిరి మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు.

రాబిన్సన్ ఆ రోజు స్టేడియంలోనే ఉన్నారు. మ్యాచ్ అయ్యాక విలియమ్స్‌ని కలిసి, జో లూయిస్ గెలిచినప్పుడు తమ తరానికి ఎలా అనిపించిందో ఇది అలాంటిదని, నువ్వేం చేశావో నీకింకా అర్థం కాదని చెప్పారట. నల్లజాతి బాక్సర్ జో లూయిస్ 1938లో జర్మన్ బాక్సర్ ష్మెలింగ్‌ని ఓడించినప్పుడు రాబిన్సన్‌కి 19 ఏళ్లు.

408 గెలుపుల లెక్క వివరంగా చెబుతారా?

55 సీజన్లు, 588 మ్యాచ్‌లు. గ్రాంబ్లింగ్ ఆడే కాలేజీల లీగ్ అయిన సౌత్‌వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ టైటిళ్లు 17. నల్లజాతి కాలేజీల జాతీయ ఛాంపియన్‌షిప్‌లు 9, మొదటిది 1955లో, చివరిది 1992లో. అలబామా కోచ్ బేర్ బ్రయంట్ 323 గెలుపులతో అందరికంటే పైనుండేవారు. 1985 అక్టోబర్ 5న డల్లాస్ కాటన్ బౌల్‌లో ప్రెయిరీ వ్యూ మీద 27-7తో గెలిచి రాబిన్సన్ 324కి చేరారు. నేను ఏటా వెళ్లి కూర్చునేది ఆ మైదానమే. 400వ గెలుపు 1995 అక్టోబర్ 7న, మిసిసిపీ వ్యాలీ మీద 42-6. అంతకుముందు ఆ అంకె ఏ కాలేజీ కోచ్ చూడలేదు.

చిన్న కాలేజీలతో ఆడి గెలిచినవాటిని బ్రయంట్ గెలుపులతో ఎలా పోలుస్తారు?

ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు, అడిగిన ప్రతిసారీ నాకు కొంచెం కోపం వస్తుంది, అడిగినవాళ్ల మీద కాదు. బ్రయంట్ గొప్ప కోచ్, అందులో సందేహం లేదు. కానీ అలబామా జట్టులోకి నల్లజాతి ఆటగాళ్లు వచ్చింది 1970ల మొదట్లో. అంతవరకు ఆయన గెలుపులు కూడా చాలావరకు తెల్లవాళ్లు మాత్రమే ఆడే ప్రపంచంలోవే. సగం ఆటగాళ్లు లేని పోటీలో గెలిచినవి అని వాటిని ఎవరూ తగ్గించి లెక్కపెట్టరు. మరి రాబిన్సన్‌వి మాత్రం ఎందుకు తగ్గాలి? పెద్ద జట్లతో ఆడనని ఆయన అనలేదు. ఆడనివ్వలేదు. రాబిన్సన్ మాత్రం బ్రయంట్‌ని ఓడించానని ఏనాడూ గొప్పలు పోలేదు, గౌరవంగానే మాట్లాడేవారు.

ఇప్పుడు ఆ రికార్డు ఆయనదేనా?

కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో పెన్ స్టేట్ కోచ్ జో పటెర్నో 2011 అక్టోబర్‌లో 409కి చేరారు. కొద్దిరోజులకే అక్కడ పిల్లల మీద లైంగిక దాడుల కేసు బయటపడింది, 2012లో పటెర్నో గెలుపుల్లో 111 కొట్టేశారు, రాబిన్సన్ మళ్లీ పైకొచ్చారు, 2015లో వాటిని తిరిగి ఇచ్చేశారు. అన్ని డివిజన్లూ కలిపితే మిన్నెసోటాలో సెయింట్ జాన్స్ కోచ్‌గా ఎక్కువ కాలం చేసిన జాన్ గాలియార్డీ 489తో అందరికంటే ముందున్నారు.

గ్రాంబ్లింగ్ పేరు దేశమంతా ఎలా పాకింది?

ఊళ్లో కూర్చుంటే ఎవరూ రారని ఆటనే ఊళ్లకి తీసుకెళ్లారు. 1968లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో మోర్గన్ స్టేట్‌తో ఆడి 9-7తో ఓడారు, కానీ న్యూయార్క్ జనం చూశారు. 1974 నుంచి న్యూ ఆర్లీన్స్‌లో సదరన్ యూనివర్సిటీతో ఏటా బయూ క్లాసిక్ అనే మ్యాచ్. 1976లో ఏకంగా టోక్యో వెళ్లి మోర్గన్ స్టేట్‌ని ఓడించారు. బ్యాండ్ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది: గ్రాంబ్లింగ్ మార్చింగ్ బ్యాండ్ 1967లో మొట్టమొదటి సూపర్ బౌల్‌లోనే వాయించింది.

ఆటగాళ్లతో ఎలా ఉండేవారు?

తెల్లవారగానే చేతిలో ఆవు మెడలో కట్టే గంట పట్టుకుని హాస్టల్ వరండాలో నడుస్తూ మోగించేవారు. లేవండి, క్లాసుకి వెళ్లండి. ముందురోజు రాత్రి ప్రాక్టీస్ ఎంత సేపైనా సరే, గంట ఆగదు. ప్రయాణాల్లో టై కట్టుకోవాలి, బల్ల దగ్గర ఎలా కూర్చుని తినాలో, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో కూడా నేర్పేవారు. ఆయన సొంత చదువు కూడా మానలేదు, కోచ్‌గా చేస్తూనే 1954లో అయోవా యూనివర్సిటీ నుంచి మాస్టర్స్ తెచ్చుకున్నారు.

అందరూ మెచ్చుకున్నారని రాస్తే అబద్ధం అవుతుంది. అమెరికా మీద అపారమైన నమ్మకం ఉన్న మనిషి, వీధుల్లోకి వచ్చి ఉద్యమాలు చేసే స్వభావం కాదు. 1960ల్లో చాలామంది యువకులకి అది నచ్చలేదు. 1967లో గ్రాంబ్లింగ్ విద్యార్థులే ఇక్కడ చదువు కంటే ఫుట్‌బాల్‌కే విలువ ఎక్కువైపోయిందని ఆందోళన చేశారు. వాళ్ల మాటలోనూ నిజం ఉందని నేను అనుకుంటాను. ఆయన పోరాటం మైదానం లోపల జరిగింది, బయట నడిచినవాళ్ల పోరాటం లేకపోతే లోపలిది ఫలించేది కాదు.

చివరి ఏళ్లు బాగా సాగలేదంటారు, నిజమేనా?

నిజమే. పెద్ద యూనివర్సిటీల తలుపులు తెరుచుకున్నాక ఒకప్పుడు గ్రాంబ్లింగ్‌కి వచ్చే కుర్రాళ్లంతా అటు వెళ్లడం మొదలుపెట్టారు. ఆయన కోరుకున్నదీ అదే కదా, దాని ఖర్చు ఆయన జట్టే భరించింది. 1994లో చివరి కాన్ఫరెన్స్ టైటిల్. 1995లో ఐదు గెలిచి ఆరు ఓడారు, 1996లో మూడే గెలుపులు. ఇక దిగిపొమ్మని ఒత్తిడి వచ్చింది, ఆ వార్త బయటికి పొక్కగానే గవర్నర్ సహా ఎందరో ఆయన వైపు నిలబడ్డారు, ఇంకో ఏడాది ఇచ్చారు. 1997లో కూడా మూడే గెలుపులు. ఆఖరి మ్యాచ్ బయూ క్లాసిక్, సదరన్ చేతిలో 30-7తో ఓటమి. ఒకటి రెండేళ్లు ముందే ఆగి ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. కానీ 22 ఏళ్లకి చేరిన పని నుంచి 78 ఏళ్లకి లేవడం ఎంత కష్టమో ఊహించగలను.

ఆయన తర్వాత కోచ్ ఎవరు?

డగ్ విలియమ్స్. 1998లో గురువు కుర్చీలో కూర్చుని, 2000 నుంచి 2002 దాకా వరసగా మూడు కాన్ఫరెన్స్ టైటిళ్లు తెచ్చాడు.

ఆయన చివరి రోజులు?

అల్జీమర్స్ వచ్చింది. వందలమంది ఆటగాళ్లని పేరుపేరునా గుర్తుపెట్టుకున్న మనిషికి జ్ఞాపకం పోవడం, ఇది రాస్తుంటే కూడా చేయి ఆగుతోంది. 2007 ఏప్రిల్ 3న పక్కనే ఉన్న రస్టన్‌లో కన్నుమూశారు, 88 ఏళ్లు. భౌతికకాయాన్ని బాటన్ రూజ్‌లో రాష్ట్ర శాసనసభ భవనంలో ప్రజల సందర్శనార్థం ఉంచారు. ఒకప్పుడు గంటకి 25 సెంట్లకి దాణా మిల్లులో పనిచేసిన ఊరు అదే.

వెళ్లి చూడాలంటే ఎలా?

డల్లాస్ నుంచి ఇంటర్‌స్టేట్ 20 ఎక్కి తూర్పుకి పోతే ష్రీవ్‌పోర్ట్ దాటాక గ్రాంబ్లింగ్ వస్తుంది, కారులో నాలుగు గంటలు అనుకోండి. కాలేజీలో ఆయన పేరుమీద స్టేడియం ఉంది, 2010లో తెరిచిన మ్యూజియం ఉంది. అంత దూరం కుదరకపోతే స్టేట్ ఫెయిర్ మ్యాచ్‌కి రండి. పిల్లల్ని ముందు ఫెయిర్‌లో తిప్పి కార్న్ డాగ్ తినిపించి, చీకటి పడేవేళకి స్టేడియంలోకి రండి, పై వరసల నుంచి జెయింట్ వీల్ దీపాలు కనబడతాయి. హాఫ్ టైమ్‌లో మనవాళ్లు తిండికోసం లేచి వెళ్తారు, మీరు మాత్రం లేవకండి, అప్పుడే బ్యాండ్ వస్తుంది. నలుపు, బంగారు రంగు బట్టల్లో డప్పులు మొదలవగానే చుట్టూ ఉన్న ముసలివాళ్లు లేచి నిలబడతారు. ఒక ఏడాది నా పక్క సీటాయన కింద మైదానంలో ఒక మూల చూపించి, 1985లో 324వ గెలుపు అయ్యాక కోచ్‌ని అక్కడే చూశాను అన్నాడు. ఆ తర్వాత మ్యాచ్ అయిపోయేదాకా నాకు ఒక్కొక్కరి పేరూ చెబుతూనే ఉన్నాడు.